కుర్చీ పాట తరఫున వకాల్తా

ముందుగా మిత్రులకొక మనవి. ఈ టపా ఒక సినిమా పాట గురించి. అందులోనూ, పెద్దమనుషుల మధ్య పేరెత్తితే మొహాలు చిట్లించుకునే పాట గురించి. 'గుంటూరు కారం' చిత్రంలోని 'కుర్చీ మడతపెట్టి' పాటకు నేను అభిమానిని. ఆ మాట చాటుగా కాక నలుగురిలో చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడంతో సరిపెట్టక, ఆ పాట మీద వచ్చిన అభియోగాలకు మా గుంటూరు, ప్రకాశం జిల్లాల చరిత్రలోంచి కొన్ని సాక్ష్యాలు ప్రవేశపెట్టాలని కూడా అనిపించింది. తీర్పు మీది.

వివరాలు తెలియనివారి కోసం క్లుప్తంగా. పాట 2023 డిసెంబరు 30న వెలువడింది. సినిమా 2024 జనవరి 12న, సంక్రాంతి పండుగకు వచ్చింది. బాణీ తమన్‌ది, సాహిత్యం రామజోగయ్యశాస్త్రిది, గొంతులు సాహితి చాగంటి, శ్రీకృష్ణలవి. నృత్యం కూర్చింది శేఖర్ మాస్టరు, ఆడింది మహేశ్ బాబు, శ్రీలీల. మహేశ్ తండ్రి కృష్ణగారిది తెనాలి దగ్గరి బుర్రిపాలెం. రామజోగయ్యశాస్త్రి కూడా గుంటూరు జిల్లా వారే. కథానాయకుడి వ్యాపారం మిర్చి. కాబట్టి పేరులోనే కాదు, పుట్టుకలో కూడా ఇది మా ప్రాంతపు సరుకు.

గొడవంతా పల్లవిలోని మాటతో మొదలైంది. హైదరాబాదులో ఒక వృద్ధుడు యూట్యూబు వారితో మాట్లాడుతూ, కోపం వచ్చి అన్న మాట అది. దానికి ఒక తోక ఉంది. ఆ తోక పచ్చి బూతు. ఆ దృశ్యం ఫోనుల్లో ఊరూరా తిరిగింది. పిల్లలు సైతం ఆ మాటను ఊతపదం చేసుకున్నారు. చివరకు దానిని పెద్ద హీరో సినిమాకు పల్లవి చేసి కూర్చోబెట్టారు. 'మాటల మాంత్రికుడు' అని పేరున్న త్రివిక్రమ్ సినిమాలో ఇదేమిటని కొందరు వాపోయారు. పండితుడైన కవి ఇంతకు దిగజారాలా అని మరికొందరు నిలదీశారు. దృశ్యరూపంలో పాట వచ్చాక ఆ వేగం, ఆ ఒళ్ళు విరుపులు చూసి ఇంకొందరు ముక్కు మీద వేలు వేసుకున్నారు. ఇంతలో అదే పాటకు 2024లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆట విరామంలో నాట్యబృందం ఒకటి చిందులు వేసింది. తిట్టినవారి కంటే ఆడినవారు ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు.

అయితే, ఎక్కువమంది ఆడారు కనుక పాట మంచిదని వాదిస్తే అది వాదం కాదు. అభియోగాలను విడదీసి చూద్దాం. నాకు మూడు కనబడుతున్నాయి. ఒకటి మాట మీద, రెండవది ఒంటి మీద, మూడవది జనం మీద. చిత్రమేమిటంటే, ఈ మూడూ ఈ నేల మీద కొత్తవి కావు.

మొదటి అభియోగం: మాట

పాటను ఒకసారి శ్రద్ధగా వినండి. ఆ బూతు ముక్క అందులో లేదు. పల్లవి 'మడతపెట్టి' దగ్గర ఆగిపోతుంది, ఆ పైన డప్పు అందుకుంటుంది. మిగిలిన మాట పలికేది కవి కాదు, గాయని కాదు, నర్తకి కాదు. వింటున్నవాడు తన మనసులో తానే పలుకుకుంటాడు. పలుకుకుని, ఎదుటివాడు కూడా పలుకుకున్నాడని గ్రహించి నవ్వుతాడు. అంటే ఇక్కడ అభియోగం చెప్పిన మాట మీద కాదు, చెప్పని మాట మీద.

ఇలా చెప్పకుండా చెప్పడం తెలుగువాడికి సినిమా నేర్పిన విద్య కాదు. మా పొలాల్లో మిరపకాయలు కోసే ఆడవాళ్ళు సాలు వెంట నడుస్తూ విప్పుకునే పొడుపు కథలు వినండి. వినగానే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. జవాబు మాత్రం రోలూ రోకలో, తాళమూ తాళపుచెవో అయి ఉంటుంది. పొడిచినామె నిర్దోషి. తప్పుడు అర్థం ఊహించినవాడే దోషి. కుర్చీ పాట పొడుపు కథను తిరగేసింది, అంతే. అక్కడ బూతులా వినిపించేదానికి జవాబు శుద్ధంగా ఉంటుంది, ఇక్కడ శుద్ధంగా వినిపించేదానికి జవాబు బూతు. రెండింటిలోనూ నవ్వు పుట్టేది వినేవాడి బుర్రలోనే.

ఇక పండితుల సంగతి. కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా పనిచేసిన శ్రీనాథుడి పేరు మీద ఎన్ని చాటువులు చలామణీలో ఉన్నాయో, వాటిలో ఎన్ని ఇంట్లో పిల్లల ముందు చదవగలమో మీకు తెలుసు. వినుకొండ వల్లభరాయని పేరు మీద ఉన్న 'క్రీడాభిరామము' ఓరుగల్లు వీధులను కళ్ళకు కట్టిన కావ్యం. పల్నాటి వీరుల కథను వీధిలో పాడే దృశ్యం అందులో ఉంది. కాకతీయుల నాటి జనజీవితం గురించి రాసే చరిత్రకారుడు ఎవరూ ఆ పుస్తకం తెరవకుండా ముందుకు సాగలేడు. అదే పుస్తకాన్ని అశ్లీలమని పక్కన పెట్టమన్న వారూ ఉన్నారు. వాళ్ళ మాట చెల్లి ఉంటే, ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటిలో ఏం వడ్డించేవారో కూడా మనకు తెలిసేది కాదు.

ఆ క్రీడాభిరామాన్ని పరిష్కరించి, విపులమైన పీఠిక రాసి నిలబెట్టిన వారిలో వేటూరి ప్రభాకరశాస్త్రి ముఖ్యులు. చాటువులను ఏరి 'చాటుపద్య మణిమంజరి'గా కూర్చిందీ వారే. అదే ఇంటి నుంచి వచ్చిన వేటూరి సుందరరామమూర్తి 1977లో 'అడవి రాముడు'కు పాటలు రాస్తే, బూతు రాశాడని విమర్శించారు. ఆ పాటలను ఇవాళ పెళ్ళిళ్ళలో తాతలు, మనవలు కలిసి పాడుకుంటున్నారు. పెద్దాయన తాళపత్రాలలోంచి తీసి పండితులకు అందించిన రసికతను, చిన్నాయన హార్మోనియం మీద పెట్టి జనానికి అందించాడు. మొదటిదానికి పరిశోధన అని పేరు, రెండవదానికి దిగజారుడు అని పేరు.

"శ్రీనాథుడినీ ఈ పాటనూ ఒక గాటన కడతావా?" అని మీరు అడుగుతారని తెలుసు. కట్టడం లేదు. కవిత్వంలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉండవచ్చు, ఆ తూకం వేరే వేయవచ్చు. నేను పోలుస్తున్నది కవిత్వాన్ని కాదు, అభియోగాన్ని. ఒకే అభియోగం మీద ఒకరిని నిర్దోషిగా వదిలి మరొకరిని బోనెక్కించడానికి కారణం మాటలో లేదు. మాట ఎవరి నోట వచ్చింది, ఎవరి ముందు వచ్చింది అన్నదానిలో ఉంది.

రెండవ అభియోగం: ఒళ్ళు

పాటలో ఆడే స్త్రీ తనను తాను పరిచయం చేసుకునేటప్పుడు రాజమండ్రి పేరు ఎత్తుతుంది, తల్లి పేరు చెప్పుకుంటుంది. చాలామంది దీనిని గమనించకుండా దాటేశారు. నాకు మాత్రం పాట మొత్తంలో ఆగి ఆలోచించవలసిన చోటు అదే. తండ్రి ఊరు, ఇంటిపేరు కాక తల్లి పేరు, తల్లి ప్రఖ్యాతి చెప్పుకునే ఆడవారి పరంపర ఒకటి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉండేది. కళావంతులు అన్నారు, భోగం వారన్నారు, మరెన్నో అన్నారు. వాళ్ళ మేళం లేనిదే ఒకప్పుడు కలిగినవారి ఇంట పెళ్ళి జరిగేది కాదు.

ఆ పరంపరకు చెందిన ఒక పుస్తకం కథ మా జిల్లాతో ముడిపడి ఉంది. తంజావూరులో ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన 'రాధికా సాంత్వనము'ను కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్ర కవుల చరిత్రలో తీవ్రంగా తప్పుపట్టారు. ఆ కావ్యాన్ని ప్రాణంగా ప్రేమించిన బెంగుళూరు నాగరత్నమ్మ అనే గాయని 1910లో దానిని పరిష్కరించి, వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. పీఠికలో పంతులుగారికి సమాధానం చెప్పింది. ఇంతకంటే పచ్చి వర్ణనలున్న మగవారి కావ్యాలు పెద్దల మన్ననలు పొందుతున్నాయి కదా, సిగ్గు ఆడవారికే గాని మగవారికి అక్కరలేదా అన్నది ఆమె ప్రశ్న సారాంశం. ఒక అభిమాని తనకు నచ్చిన కృతి తరఫున తెలుగులో వేసిన వకాల్తాలలో దీనికి సాటి వచ్చేది నేను చూడలేదు. ప్రభుత్వం ఆ వకాల్తా వినలేదు. పుస్తకం అశ్లీలమని నిషేధించింది.

నిషేధం ఎత్తివేసింది ఎవరు? టంగుటూరి ప్రకాశం పంతులు. ఇవాళ ప్రకాశం జిల్లా ఎవరి పేరు మీద ఉందో, ఆయనే. 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి వరకు ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నారు. వావిళ్ళ వారి విజ్ఞప్తి మేరకు ఆ పుస్తకం మీది ఆంక్ష తొలగించారు. ఈ ప్రకాశం గారే కుర్రతనంలో ఒంగోలులో నాటకాలు ఆడారు, ఆడవేషాలు వేశారు. 'నా జీవిత యాత్ర'లో ఆ రోజుల గురించి దాపరికం లేకుండా రాసుకున్నారు. ముఖాన రంగు వేసుకుని, చీర కట్టి, జనం ఎదుట నిలబడిన అనుభవం ఉన్నవాడు అధికారంలో ఉన్నప్పుడు ఆ పుస్తకానికి విముక్తి కలిగింది. ఇది కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం అలా తోచదు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఎంతో బాగుండేది. అదే 1947లో, ప్రకాశం గారు దిగిపోయిన తరువాత, మద్రాసు శాసనసభ దేవదాసీ నిషేధ చట్టం చేసింది. బాలికలను గుడికి అంకితం చేసే దురాచారాన్ని ఆపడం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టే సాహసం నేను చేయను. దాని వెనుక ముత్తులక్ష్మీ రెడ్డి వంటి వారి దశాబ్దాల శ్రమ ఉంది. కానీ చట్టం అంకితం చేయడం దగ్గర ఆగలేదు, ఆటను కూడా పట్టుకుంది. 1956లో ఆంధ్ర రాష్ట్రంలో చేసిన సవరణతో పెళ్ళిళ్ళలో, శుభకార్యాలలో మేళాలు ఆడటం కూడా నేరమైంది. ఒకే దశకంలో ఆ స్త్రీల పుస్తకానికి సంకెళ్ళు తెగాయి, కాళ్ళకు పడ్డాయి.

ఆ తరువాత ఆ పాదాలు ఎక్కడికి పోయాయి? అన్నీ ఇంటి పనిలోకి పోలేదు. గోదావరి జిల్లాల కళావంతుల కుటుంబాల్లోంచి కొందరు స్త్రీలు సినిమాలలో చేరారు. కొందరు నాటక సమాజాలలో చేరారు. మరికొందరు, గ్రామఫోను రికార్డు పెట్టి ఆ సినిమా పాటకు వేదిక మీద ఆడే కొత్త ఆటలోకి వచ్చారు. అదే రికార్డు డాన్సు, ఊళ్ళలో మనం 'రికార్డింగు డాన్సు' అని పిలుచుకునేది. పదకర్తల పదాలు పోయి ఘంటసాల, సుశీల, ఈశ్వరి పాటలు వచ్చాయి. మృదంగం పోయి లౌడుస్పీకరు వచ్చింది. చూసేవాళ్ళు కూడా మారారు. జమీందారు సావిడి నుంచి తిరునాళ్ళ పందిట్లోకి ఆట దిగివచ్చింది.

కుర్చీ పాటలోని నర్తకి రాజమండ్రి పేరు ఎత్తినప్పుడు నాకు ఈ దారంతా కనిపిస్తుంది. కవి ఇంత తలచి రాశారో లేదో నేను చెప్పలేను. పాట మాత్రం ఆ దారి చివర నిలబడి ఉంది.

మూడవ అభియోగం: జనం

"ఇది మాస్ పాట" అన్నప్పుడు ఆ మాటలో కొంత మెచ్చుకోలు, మరికొంత ఈసడింపు ఉంటాయి. ఈ మాస్ ఎవరు? మా వైపు వాళ్ళకు ఒక పంచాంగం ఉంది. పత్తి తీతలు ముగిసి, మిరప కోతలు జోరు మీద ఉండే కాలానికి మహాశివరాత్రి వస్తుంది. కూలీలు ఇతర జిల్లాల నుంచి కూడా దిగుతారు. కళ్ళాల్లో కాయ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. గుంటూరు యార్డుకు టిక్కీలు కదులుతుంటాయి. ఏడాదిలో చేతిలో నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే. ఆ పంట కాలపు పండుగే నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్ళు.

కోటప్పకొండకు ప్రభలు కట్టుకుని వెళ్ళడం ఆచారం. చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళు పోటీలు పడి ప్రభలు కడతాయి. ఒకప్పుడు ఎడ్ల బండ్ల మీద, వెదురు, రంగుబట్టలతో కట్టేవారు. కరెంటు వచ్చాక అవి విద్యుత్ ప్రభలై, మేడల ఎత్తు దాటిపోయాయి. ఆ ప్రభ కింద రాత్రంతా పాట, ఆట, మాట. దేవుడి పాటతో మొదలై తెల్లవారుజాముకు ఏ పాటకు చేరుతుందో తిరునాళ్ళకు వెళ్ళినవారికి తెలుసు. ముందు వరుసలో చిన్నపిల్లలు నిద్రకు తూగుతుంటారు. వెనుక ముసలివాళ్ళు దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. నేను పాటలు విన్న బడి అదే.

ఆ జనాన్ని చూసి ప్రభుత్వాలు ఎప్పుడూ బెదురుతూనే ఉన్నాయి. 1909 శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళలో దొమ్మీ జరిగింది, పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే రైతు ఉరికంబమెక్కాడు. కోర్టు కాగితాలలో అతడు నేరస్థుడు. పాటలో వీరుడు. ఆ పాటను తిరునాళ్ళ జనం నోటి నుంచి ఎవరూ తీయలేకపోయారు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ కథ ఇంకొకటి. భిక్షాటనకు పనికివచ్చే పాత కథాపద్ధతిని తీసుకుని, తంబురా, డక్కీలు, అందెలతో, అడుగులు వేస్తూ, పక్కన హాస్యానికి ఒకరు, రాజకీయానికి ఒకరు వంత పాడుతుండగా ఆయన నడిపిన బుర్రకథ వేలాది మందిని తెల్లవార్లూ కూర్చోబెట్టింది. పండితులు అందులో సంగీతం లేదన్నారు. మద్రాసు ప్రభుత్వం అందులో ప్రమాదం ఉందని గ్రహించి నిషేధించింది. నా దృష్టిలో కళను సరిగా అర్థం చేసుకున్నది ఆ నిషేధించినవారే. తరువాత కాలం మారింది. 1986లో అదే నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చారు. నేడు ప్రభుత్వ పథకాల ప్రచారానికి బుర్రకథే కావాలి.

మూడవ సాక్షి 'చింతామణి'. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావృత్తిని ఖండిస్తూ, సంఘసంస్కరణ కోసం రాసిన నాటకం. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు చింతామణిగా వేదిక మీదికి వస్తే, మగవాడని తెలిసి కూడా జనం నమ్మలేకపోయేవారట. ఊళ్ళలో మాత్రం జనానికి బిల్వమంగళుడి పశ్చాత్తాపం కంటే సుబ్బిశెట్టి సంభాషణలు నచ్చాయి. నటులు వాటిని పెంచుకుంటూ పోయారు. రచయిత రాయని మాటలు చేరాయి, పచ్చిగా చేరాయి. ఆర్యవైశ్యులు నొచ్చుకున్నారు. వారి నొప్పిలో న్యాయం లేదని నేను అనను. ఒక కులాన్ని తరాల తరబడి నవ్వులాటకు వాడుకోవడం చిన్న విషయం కాదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకం మొత్తాన్ని నిషేధించింది. వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. నా ప్రశ్న ఒక్కటే. పెంచిన సంభాషణలకు అభ్యంతరం చెప్పడానికీ, నూరేళ్ళ నాటకానికి తాళం వేయడానికీ మధ్య ఎన్నో మెట్లు ఉన్నాయి కదా, వాటిలో ఒక్కటీ ఎక్కి చూడలేదేం?

వకాల్తా హద్దులు

న్యాయవాది కక్షిదారు లోపాలు దాచకూడదు. కాబట్టి ఎదుటి పక్షం వారి బలమైన వాదన కూడా నేనే వినిపిస్తాను. "నీవు చెప్పిన చరిత్ర అంతా సరే. ముద్దుపళని తన మాట తాను రాసుకుంది. తిరునాళ్ళ జనం తమ ఆట తాము ఆడుకున్నారు. కోట్లు పెట్టి తీసే సినిమా అలాంటిది కాదు. ఒక వృద్ధుడి కోపాన్ని తీసుకుని, ఒక యువతి ఒంటి మీద కెమెరా తిప్పి సొమ్ము చేసుకోవడం జానపదం ఎలా అవుతుంది?"

ఈ ప్రశ్నకు జవాబు తేలిక కాదు. 2025లో రెండు పాటలు వచ్చాయి, 'డాకు మహారాజ్'లో ఒకటి, 'రాబిన్‌హుడ్'లో ఒకటి. రెండింటికీ నృత్యం కూర్చింది ఈ శేఖర్ మాస్టరే. ఆ ఏడాది మార్చిలో తెలంగాణ మహిళా కమిషను సినిమా పాటల్లో అసభ్యమైన అడుగులు మానుకోమని హెచ్చరిక జారీ చేసింది. 'రాబిన్‌హుడ్' వారు వివాదాస్పదమైన అడుగును థియేటరు ప్రతిలో తీసివేశారు. ఆ రెండు పాటలకు నేను వకాల్తా పుచ్చుకోను. కారణం నా అభిరుచి మాత్రమే కాదు. వాటిలో కెమెరా ఆట మీద లేదు, ఆడేవారి ఒంటి ముక్కల మీద ఉంది. కుర్చీ పాటలో శ్రీలీల ఆడుతుంటే కెమెరా దూరంగా జరిగి, తల నుంచి పాదం దాకా చూపించవలసి వస్తుంది. లేకపోతే ఆమె వేగం దొరకదు. పక్కనున్న పెద్ద హీరో ఆమెను అందుకోవడానికి శ్రమ పడటం తెర మీద కనబడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ ఆ పాట ఆమెదే. నా తూనిక రాయి ఇది. ఆడేవారు ఆటను నడుపుతున్నారా, ఆట పేరుతో ఆడేవారిని నడుపుతున్నారా? మాట పచ్చిదా కాదా అన్నదానికంటే ఈ ప్రశ్న నాకు ముఖ్యం.

అలాగే, మహిళా కమిషను చేసినదానికీ నిషేధానికీ తేడా ఉందని కూడా గుర్తించాలి. అభ్యంతరం చెప్పడం, వినడం, దిద్దుకోవడం బతికి ఉన్న సమాజపు లక్షణం. నాగరత్నమ్మ కోరింది కూడా వాదించే అవకాశమే. తాళం వేస్తే వాదం ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిజానికి కుర్చీ పాటకు నా వకాల్తా అవసరం లేదు. దానికి యు/ఎ ధ్రువపత్రం ఉంది, నిర్మాతల డబ్బు ఉంది, కోట్ల వీక్షణలు ఉన్నాయి. వకాల్తా అవసరమైనవారు వేరే ఉన్నారు. సంక్రాంతికో, తిరునాళ్ళకో ఇదే పాట పెట్టుకుని, ఇవే అడుగులు, ఇంతకంటే నిండైన బట్టలతో ఒక పల్లె వేదిక మీద ఆడే రికార్డింగు డాన్సు అమ్మాయి ఉందే, ఆమె. సినిమాహాలులో టిక్కెట్టు కొని చూస్తే వినోదమైనది, పందిట్లో ఊరికే చూస్తే అశ్లీలమైపోతుంది. అనుమతి లేదని పోలీసులు వస్తారు. నిర్వాహకుడు ఎలాగో తప్పుకుంటాడు. పట్టుబడేది ఆమె. మరునాడు పత్రికలో 'అశ్లీల నృత్యాలు' అన్న శీర్షిక కింద మొహానికి చున్నీ కప్పుకున్న ఆడవాళ్ళ బొమ్మ పడుతుంది. వేదిక ముందు కూర్చుని ఈలలు వేసిన వారి బొమ్మ ఏనాడూ పడదు.

ఆ వేదికల మీద దోపిడీ లేదని నేను అనడం లేదు. తాగి మీదికి ఎక్కేవాళ్ళు, ఒప్పుకున్న డబ్బు ఎగవేసేవాళ్ళు, ఆడేవారు వద్దన్న పని చేయించాలని చూసేవాళ్ళు ఉన్నారు. వాటికి చట్టాలు ఉన్నాయి, వాటిని ఎగవేసినవాడి మీద ప్రయోగించాలి. 1956లో మనం చేసిన పని మళ్ళీ చేయకూడదు. అప్పుడు మేళం ఆడించిన జమీందారును ఎవరూ ఏమీ అనలేదు. ఆడినామె మాత్రం నేరస్థురాలైంది.

సాటి బ్లాగరులకు చివరగా ఒక విన్నపం. ముద్దుపళని పేరు మిగిలింది, ఎందుకంటే నాగరత్నమ్మ ఆమె పుస్తకం అచ్చు వేయించింది. స్థానం వారి పేరు మిగిలింది, నాజర్ పేరు మిగిలింది. ప్రభల కింద, పందిళ్ళలో ఐదారు దశాబ్దాలుగా ఆడుతున్న స్త్రీల గురించి తెలుగులో ఎంత వెదికినా దొరికేది పోలీసు కేసుల వార్తలే. ఏ ఊరి ప్రభకు ఏ ఊరి మేళం వచ్చేది, ఏ పాటలకు ఆడేవారు, రాత్రికి ఎంత ముట్టేది, వేషాలు ఎవరు కుట్టేవారు, ఆట మానేశాక వాళ్ళు ఎక్కడ స్థిరపడ్డారు? మీ ఊళ్ళలో పెద్దవాళ్ళకు ఈ సంగతులు ఇంకా జ్ఞాపకం ఉంటాయి. ఈ శివరాత్రికి ఊరు వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకుని రాయండి. ఆడినవారు ఒప్పుకుంటేనే పేర్లు రాయండి, లేకపోతే పాటల పేర్లు, ఏళ్ళు రాసినా చాలు. కుర్చీ పాట నచ్చకపోయినవారు కూడా రాయవచ్చు.